చెరువు మీద కట్టిన నాలుగు ఫిడేళ్ళు

ముందే నవ్వకండి. సరే, నవ్వండి, ఆపితే మాత్రం ఆగుతారా! మా వీరన్న బాబాయ్ ఇప్పటికీ నా మొహం కనపడితే టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతున్నాడు, ఒలికిపోతుందని. ఒక పెద్దావిడ నమ్మి అడిగిన పాటని తీసుకెళ్ళి నీటికాకుల ముందు ఆరేసిన మనిషి ఈ కొల్లేరు చుట్టుపక్కల నేనొక్కణ్ణేనంట. నిజమేనండి. ఎవరో చేసింది కాదు. నా చేతులతో నేనే, ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని మరీ చేశాను.

మాది ఉంగుటూరు. చదువు ఎనిమిదో క్లాసు సగంలో ఆపేశాను. కైకలూరు దగ్గర సత్తిబాబుగారి చేపల చెరువుల మీద పని. మేత వెయ్యాలి, గట్టు చూసుకోవాలి, పిట్టల్ని తోలాలి. తోడు వీరన్న బాబాయ్. చుట్టం కాదు, పెద్దాయన కాబట్టి బాబాయ్. ఆయనకి నోరెక్కువ, నాకు అసలు లేదు. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండి" అంటాను. వద్దు అనాలనుకున్నా నోట్లోంచి అదే వస్తుంది. కొంప ముంచింది ఇదేనండి.

చెరువులో చేపపిల్ల వదిలిన కొత్తలో నీటికాకులు దిగాయంటే సగం మిగలదు. అందుకని గట్లకి సరుగుడు కర్రలు పాతి, ఈ పక్క నించి ఆ పక్కకి పాత క్యాసెట్టు రిబ్బన్లు లాగి కడతాం. ఎండకి తళుక్కుమంటాయి, గాలికి గుయ్యిమంటాయి. పిట్ట ఏమనుకుంటుందో గానీ దిగదు. ఇప్పుడందరూ సీడీల్లోకి పోయారు గదా, తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల కొట్టుకెళితే క్యాసెట్లు బస్తాలకి బస్తాలు. బస్తా తెచ్చుకునే పని నాది.

ఎలాగూ పీకేసేవే గదా, ఒక్కసారి విని పీకుదాం అనిపించేది నాకు. షెడ్డులో చిన్న టేపు రికార్డరుండేది. ఒక్కోటీ పెట్టడం, కాసేపు వినడం, రిబ్బను లాగెయ్యడం. ప్రసంగాలు, ఇంగ్లీషు పాఠాలు, ఎవరి పెళ్ళిలోనో బ్యాండు, ఎవరో పిల్లాడు ఎక్కాలు చెప్పడం. అన్నీ వినేవాణ్ణి.

ఒకరోజు ఒకటి పెట్టాను. కీఁ... మని మొదలైంది. టేపు నలిగిందనుకుని ఆపేశాను. దూదితో హెడ్డు తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ కీఁ! బయట్నించి వీరన్న బాబాయ్ కేకేశాడు.

"ఒరేయ్ రాజూ, లోపల ఎవరి పీక పిసుకుతున్నావురా?"

"పాటండి బాబాయ్!"

"పాటా? పాడేవాడేడి?"

"ఇంకా రాలేదండి."

పాడేవాడు వస్తాడని నిజంగానే చూశానండి. రాలేదు. ఆ కీచులాటంతా ఉన్నట్టుండి ఆగిపోయింది. కింద ఎక్కడో లావు గొంతుది ఒక్కటే మిగిలింది. పొద్దున్నే మోటారు ఆపేసినప్పుడు చెరువంతా నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దం మన చెవుల్లోకి దిగుతుంది చూడండి, అలా ఉంది. నేను చేతిలో దూదితో అలాగే కూర్చుండిపోయాను. ఆ క్యాసెట్టు పీకలేదు. పక్కన పెట్టుకున్నాను.

ఆ బస్తాలో అలాంటివి ఇంకా దొరికాయి. అన్నిటి మీదా ఒకే చేతిరాత, నీలం సిరా, ఇంగ్లీషు. ఇంగ్లీషు నాకు రాదు. అందుకని పేర్లు నేనే పెట్టుకున్నాను. ఒకటి 'కందిరీగలు'. ఒకటి 'అలిగినోళ్ళు', అందులో ఒకటి వాయిస్తుంటే రెండోది మాట్లాడదు, అది ఆగాక ఇది విసుక్కుంటుంది. ఒకటి 'తపేలా', మొదట్లోనే గిన్నె పడిన చప్పుడు, రికార్డింగూ మసక మసక, అది పెద్దగా పెట్టేవాణ్ణి కాదు. అన్నిటిలోకీ నా ప్రాణం 'చలిజ్వరం'. వణుకుతా మొదలై, వణుకుతానే ఎక్కడికో పైకి పోయి, అక్కడ దుప్పటి కప్పినట్టు చల్లబడిపోతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ దుప్పటి ఎవరు కప్పారో పట్టుకోలేకపోయేవాణ్ణి.

ఏడాదిలో పద్నాలుగు పోగేశాను. బస్తా తెచ్చినప్పుడల్లా నీలం సిరా కోసం వెతికేవాణ్ణి. ఒక్కోటీ పదిసార్లు వింటే గాని తలుపు తియ్యదు. మొదటిసారి గోల. మూడోసారికి ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. పదోసారికి, అది రాబోతోందని ముందే గుండె కొట్టుకుంటుంది. ఈ మాట మీకు చెప్తున్నాను గానీ ఎవరికీ చెప్పలేదండి. చెప్తే వీరన్న బాబాయ్ ఊరుకుంటాడా! "మావాడికి పిల్లనెవరూ ఇవ్వరు. కీచుమనే వాళ్ళింట్లోనే చూడాలి" అని అప్పటికే ఊరంతా అనేశాడు.

ఒకరోజు 'కందిరీగలు' అట్ట విప్పితే లోపల తెలుగులో ఉంది. గ్రేసమ్మ, మిషన్ స్కూలు వెనక వీధి, ఏలూరు. ఇంటికెళ్ళి మా అమ్మకి చూపించాను.

"అయ్యో, మా టీచరమ్మగారురా! మాకు పాటలు నేర్పింది ఆవిడే. ఎవరో ఎత్తుకొచ్చి అమ్మేసుంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి ఇచ్చేసిరా!"

ఇచ్చెయ్యడమా! నాకు అన్నం సయించలేదు. కానీ అమ్మకి ఏమన్నాను? "అలాగేనమ్మా."

ఆ ఆదివారం 'కందిరీగలు' ఒక్కటే జేబులో పెట్టుకుని ఏలూరు వెళ్ళాను. గ్రేసమ్మగారిది తెల్లచీర, సన్నటి మనిషి, వేళ్ళు వంకర్లు తిరిగిపోయి ఉన్నాయి. వయసు మీద పడింది గానీ గొంతు మాత్రం ఇంకా క్లాసులో ఉన్నట్టే ఉంది. క్యాసెట్టు చూపించి, ఇలాంటివి ఇంకా ఉన్నాయని చెప్పాను.

"ఇవా! సున్నాలేయించినప్పుడు మా అన్నయ్య కొడుకు సామానంతా ఖాళీ చేసేశాడు బాబూ. పోతే పోయాయిలే, టేపు రికార్డరు కూడా పాడైంది అనుకున్నాను. నువ్వు ఇవి వింటున్నావా?"

"ఆయ్... అప్పుడప్పుడండి."

"ఏమర్థమైంది?"

"ఏమీ అర్థం కాలేదండి. మళ్ళీ వినాలనిపిస్తుందండి."

ఆవిడ నన్ను కూర్చోమంది. అంతవరకూ అలాంటి ఇంట్లో కుర్చీలో కూర్చోలేదు నేను, అంచు మీదే ఆగాను. రెండు ఫిడేళ్ళు, ఒక కాస్త పెద్ద ఫిడేలు, ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే లావుది, నలుగురూ ఎదురెదురుగా కూర్చుంటారని చెప్పింది. సంగీతం నేర్పిన విదేశీ మేడమ్ వెళ్ళిపోయాక ప్రతి క్రిస్మస్‌కీ ఒకటి పంపేదంట. ఇవన్నీ ఎప్పుడో రాజుల కాలంవి కావు, మన కాలంలో రాసినవే అంది.

"రాశారాండి? అలా రావాలనే రాశారాండి?"

ఆవిడ ఎంత నవ్విందంటే మంచినీళ్ళు తాగాల్సొచ్చింది.

"అన్నీ నువ్వే ఉంచుకో. ఒక్కటి మాత్రం నాక్కావాలి బాబూ. టీచరు శిక్షణలో ఉన్నప్పుడు మేం నలుగురు ఆడపిల్లలం వాయించింది. మా మేడమ్ మాకోసమే రాసింది. అది ఇంకెక్కడా లేదు. ఇద్దరు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు, ఒకావిడకి వినపడదు. నేనా, ఈ వేళ్ళు చూశావుగా. మేం వాయించామని చెప్పడానికి ఆ క్యాసెట్టొక్కటే ఉంది. ఒక్కసారి వినాలనుంది. ఉందా నీ దగ్గర?"

నాకు తెలిసిపోయింది. 'చలిజ్వరం'! అంత మంచిది ఈవిడది కాక ఎవరిదవుతుంది!

"ఉందండి!"

"పేరు కాయితం మీద రాసిస్తాను, చూసుకుని తీసుకురా."

అక్కడండి. సరిగ్గా అక్కడ. 'రాసివ్వండి' అంటే సరిపోయేది. కానీ ఆ కాయితం చేతిలో పెట్టి, చదువు చూద్దాం అంటే? టీచరుగారు గదా, అంటారు గదా! నాకు ఏబీసీడీలే సరిగ్గా రావు.

"అక్కర్లేదండి, నాకు తెలుసండి. వచ్చే ఆదివారం తెస్తానండి."

బస్సులో కూర్చుని నవ్వుకుంటా వచ్చాను. సోమవారం పొద్దున్నే షెడ్డులో నా పెట్టె తీశాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు మా చెల్లి నా క్యాసెట్టొకటి పట్టుకుపోయి సినిమా పాటలు రికార్డు చేయించుకుంది. ఆ భయంతో 'చలిజ్వరం'ని ఎవరూ ముట్టని డబ్బాలో దాచాను. బస్తాలో దొరికిన డబ్బా అది, దాని మీద తెలుగులో అచ్చేసుంది: 'రొయ్యల పెంపకం - ఉపన్యాసం'. ఎవడెత్తుకెళతాడండీ దాన్ని! నా తెలివికి నేనే మెచ్చుకున్నాను అప్పట్లో.

ఆ డబ్బా పెట్టెలో లేదు. షెడ్డంతా వెతికాను. షెడ్డు వెనక చెత్తలో దొరికింది. ఖాళీగా.

అప్పుడు గుర్తొచ్చిందండి. పోయిన మంగళవారం. మధ్యాహ్నానికి చేపపిల్ల వస్తుందని కబురొచ్చింది. హడావుడిగా రిబ్బన్లు కడుతున్నాం. ఆ గట్టు దగ్గర వీరన్న బాబాయ్ అరిచాడు, "ఇంకోటి తగ్గిందిరా, ఏదోటి తే!" బస్తా ఖాళీ. పెట్టెలో చెయ్యి పెట్టాను. రొయ్యల ఉపన్యాసం! ఇదెందుకు దాచానబ్బా అనుకున్నాను, హడావుడిలో లోపల నీలం సిరా కూడా చూసుకోలేదు. పీకేశాను. గట్టు పొడుగునా లాక్కుంటా వెళ్ళి కట్టాను. ఊరికే కట్టానా! కూనిరాగం తీసుకుంటా కట్టాను. ఏ రాగం? 'చలిజ్వరం'! ఆ పాట పాడుకుంటా ఆ పాటనే పీకి కర్రలకి చుట్టానండి!

చెరువు వైపు తిరిగాను. ఎండలో అన్ని వరసలూ తళతళా మెరుస్తున్నాయి.

"ఏంట్రా అలా గుడ్లప్పగించావ్, కాకిని చూసిన చేపపిల్ల లాగ?" అన్నాడు బాబాయ్. చెప్పాను. ఆయన గట్టు మీద కూలబడిపోయాడు, నవ్వలేక.

దించేద్దామంటే సత్తిబాబుగారు మోటార్‌సైకిల్ మీద దిగారు.

"రాజూ! భలే కట్టావురా. ఒక్క కాకి దిగలేదు. పిల్ల గట్టిపడేదాకా ఒక్క వరస కూడా తగ్గకూడదు. ఏం?"

బాబాయ్ నన్ను మోచేత్తో పొడిచాడు, చెప్పమని.

"ఏంట్రా?" అన్నారు సత్తిబాబుగారు.

"ఆయ్... అలాగేనండి."

మోటార్‌సైకిల్ వెళ్ళిపోయింది. ఒక్క వరస కూడా తగ్గకూడదు. అంటే ఏది దించితే దాని జాగాలో ఇంకోటి ఎక్కాలి. బస్తాలో ఒక్కటీ లేదు. తాడేపల్లిగూడెం వెళ్ళి ఇంకో బస్తా తేవాలంటే సెలవడగాలి. అడగాలంటే నోరు తెరవాలి.

ఇక నా దగ్గర ఉన్నవి పదమూడు.

పోనీ ఏ వరస 'చలిజ్వరం'దో తెలుసా? తెలీదు! అన్నీ ఒకే గోధుమరంగు. ఆ గట్టు పక్కదని గుర్తుంది గానీ ఆ గట్టు పక్క పదమూడు వరసలు. ఒక వరస దించాలి, కాస్త ముక్క కత్తిరించాలి, ఖాళీ క్యాసెట్టు మరలు విప్పి చుట్టాలి, వినాలి. అది కాకపోతే ఆ కత్తిరించింది మళ్ళీ కడితే అందదు, కొత్తది వేసెయ్యాలి.

మొదట 'అలిగినోళ్ళు' పోయింది. లాగుతుంటే సర్రుమని వచ్చేసింది, ఒక్క మాట అనలేదు పాపం. దించిన వరసలో ఏముందా అని వింటే ఇంగ్లీషు పాఠం. తర్వాత 'కందిరీగలు'. దాని బదులు దొరికింది ఎక్కాలు. పన్నెండు పదులు నూట ఇరవై అంటున్నాడు పిల్లాడు. తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి. ప్రతి మధ్యాహ్నం అన్నాలప్పుడు దోనె మీద వెళ్ళడం, నా పాటలు రెండో మూడో కట్టడం, ఎవరెవరి ప్రసంగాలో తెచ్చుకోవడం. వీరన్న బాబాయ్ దోనె తోస్తా లెక్క చెప్పేవాడు.

"ఇప్పుడు ఏది పోయిందిరా?"

"'తపేలా' అండి."

"అదెలాంటిది?"

"అది పోతే పోయిందిలెండి, అంత బాగుండదు."

ఏ నోటితో అన్నానో ఆ మాట!

శుక్రవారం, పదమూడోదీ కట్టేశాక, ఆఖరి వరసలో దొరికింది. వణుకు వినపడగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. ఇంకేం చూసుకోలేదు. శనివారం పనంతా బాబాయ్ మీద పడేసి పెన్సిలుకి చుట్టాను. ఎండకి బిరుసెక్కింది, పిట్టల రెట్టలు, ముడులు పడిన చోటల్లా కత్తిరించి టేపు ముక్కతో అతికించడం. ఒకచోట ఎవరిదో ప్రసంగం ముక్క అతుక్కుపోయింది. పీకితే అసలుకే మోసమని వదిలేశాను.

ఆదివారం ఏలూరు. టీచరుగారు పక్కింటి వాళ్ళ టేపు రికార్డరు అడిగి తెచ్చి, బల్ల మీద తెల్లగుడ్డ వేసి పెట్టుకున్నారు. జడ కూడా కొత్తగా దువ్వుకున్నారు. క్యాసెట్టు పెట్టాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. వణుకు మొదలైంది. పైకి పోతోంది, పోతోంది, ఆ దుప్పటి కప్పే చోటుకి రాబోతోంది...

"కనుక సోదరులారా, మనం చేసిన పనికి మనమే..."

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "ఎవర్రా ఇది?"

"మధ్యలో కలిశాడండి. వెళ్ళిపోతాడండి."

వెళ్ళిపోయాడు. పాట మళ్ళీ వచ్చింది. అయిపోయేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత చాలా మెల్లగా అన్నారు.

"చాలా గొప్పగా ఉంది బాబూ. పేరున్న పెద్దవాళ్ళు వాయించింది. మా మేడమ్ పంపినవాటిలో నాకూ ఇదే ఇష్టం. కానీ ఇది మాది కాదు."

"కాదాండి?"

"మేం ఇంత బాగా ఎక్కడ వాయించాం! మాది మసగ్గా ఉంటుంది. మాది పెట్టగానే తెలిసిపోతుంది. సరిగ్గా మొదలెట్టే టైముకి హాస్టలు వంటావిడ వెనకాల తపేలా పడేసింది. రీలు ఇంక లేదు, అందుకని అలాగే ఉంచేశాం. ఆ చప్పుడుకి మా మేరీ పక్కున నవ్వబోయి ఆపుకుంది. జాగ్రత్తగా వింటే అది కూడా వినపడుతుంది."

వంద గజాల చెరువు కళ్ళ ముందుకొచ్చింది. గట్టు పక్క వరస, సరుగుడు కర్ర, రెండుసార్లు లాగి చూసిన ముడి. మేరీగారి నవ్వు ఎండలో తళతళా మెరుస్తోంది.

"అదుందా బాబూ?" అన్నారావిడ.

అప్పుడైనా చెప్పొచ్చు గదండీ! కాళ్ళ మీద పడొచ్చు గదా!

"ఉందండి. వచ్చే ఆదివారం తెస్తానండి."

బస్సులో ఎలా వచ్చానో తెలీదు. చొక్కా కూడా మార్చకుండా తిన్నగా చెరువులోకి దిగిపోయాను. దించడం మొదలెట్టాను. ఏది దేనిదో చూసే ఓపిక లేదు, అన్నీ దించేస్తున్నాను. వీరన్న బాబాయ్ గట్టు మీంచి "ఒరేయ్, పిచ్చి పట్టిందా? పిట్టలు, పిట్టలు!" అని గోల. నిజమే, నీటికాకులు ఎప్పట్నించి కాచుక్కూర్చున్నాయో గానీ ఒక్కోటీ దిగుతున్నాయి. సరిగ్గా అప్పుడే సత్తిబాబుగారు!

"రాజూ! ఏంట్రా నువ్వు చేస్తుంది?"

నడుం లోతు నీళ్ళలో, మెళ్ళో గుత్తులు గుత్తులుగా రిబ్బన్లు వేసుకుని నిలబడి, మొట్టమొదటిసారి నోరు తెరిచానండి. తెరిచాక మూత పడలేదు. టీచరుగారు, నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు పోవడం, తపేలా, రొయ్యల ఉపన్యాసం, నాకు ఇంగ్లీషు రాకపోవడం, అన్నీ ఏడుస్తానే చెప్పేశాను. సత్తిబాబుగారు మోటార్‌సైకిల్ మీదే కూర్చుని మొత్తం విన్నారు.

"అయితే దించుకో. దానికేముంది?"

"మరి పిట్టలండి?"

"వల కడదాం. కొత్త వల పది రోజుల కిందే తెచ్చి గోడౌన్లో పడేశాను కదరా. వీరన్నకి చెప్పానే!"

నేను వీరన్న బాబాయ్ వైపు చూశాను. ఆయన నీళ్ళ వైపు చూశాడు.

"రిబ్బన్లు బానే ఉన్నాయి కదా అని..." అన్నాడు.

"నువ్వొక్క మాట అడిగుంటే సోమవారమే కట్టించేవాణ్ణి గదరా," అన్నారు సత్తిబాబుగారు. తిట్టినా బావుండేదండి. చాలా మామూలుగా అన్నారు.

పదమూడు క్యాసెట్లు. ఒక్క మాట. ఒడ్డుకొచ్చి ఆ రిబ్బన్ల కుప్ప మీద కూర్చుండిపోయాను.

ఆ వారమంతా 'తపేలా' ఏరడమే పని. సగం దొరికింది. ఒక ముక్క నీళ్ళలో నాని పొర ఊడిపోయింది. ఒక పొడుగు ముక్క ఎక్కడా లేదు. అది బాబాయే చూశాడు. "అదిగోరా, ఆ తుమ్మచెట్టు మీద! కొంగ గూడులో!" పిట్టలు బెదరాలని కట్టిన రిబ్బన్ని తీసుకెళ్ళి పిల్లల కింద పక్కేసుకుందండి ఆ తల్లి. చెట్టెక్కాను. ముళ్ళు గుచ్చుకున్నాయి. పైన రెండు పిల్లలు ఆ రిబ్బను మీద పడుకుని నా వైపు నోళ్ళు తెరిచాయి. వాటినేం అడుగుతాం! దిగొచ్చేశాను.

మూడో ఆదివారం. బల్ల మీద అదే తెల్లగుడ్డ. ఈసారి లోపలికెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాను. టీచరుగారు చెయ్యి చాపి క్యాసెట్టు తీసుకుని, ఆ వంకర వేళ్ళతో తనే పెట్టుకున్నారు.

తపేలా పడింది. ఖంగుమంది.

వెంటనే, ఎవరో ముక్కుతో సన్నగా, నవ్వు ఆపుకున్న చప్పుడు. ఏడాది నించి నా దగ్గరుంది, నేనెప్పుడూ వినలేదది. టీచరుగారి పెదాలు కదిలాయి. "మేరీ," అన్నారు. ఫిడేళ్ళు మొదలయ్యాయి. గెంతుతా, తెగుతా, ఒకచోట నేను తిరగేసి అతికించడం వల్ల వెనక్కి వాయిస్తా, మళ్ళీ ముందుకొస్తా నడిచింది. నేను తల ఎత్తలేదు. ఆగిపోయింది.

"మధ్యలో రెండో ఫిడేలు ఒక్కటే వాయించేది ఉండాలి బాబూ. అది నేను."

నాకు ఏడుపు ఆగలేదు. "ఆ ముక్క కొంగ పట్టుకెళ్ళిపోయిందండి. గూట్లో పరుచుకుందండి. పిల్లలున్నాయండి అందులో."

ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"అప్పట్లో మేం వాయిస్తే జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవారు," అన్నారు. "పోనీలే. ఒక్కరైనా ఇంటికి తీసుకెళ్ళారు."

తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, మామూలు గొంతుతో అన్నారు, "ఉన్నంతవరకూ దీన్ని ఒక సీడీలోకి ఎక్కిస్తే బావుంటుంది. బజార్లో చేస్తారంటగా? నువ్వు తీసుకెళ్ళి చేయించుకొస్తావా బాబూ?"

క్యాసెట్టు నా వైపు చాపారు. నా నోట్లోకి 'ఆయ్, అలాగేనండి' అప్పటికే వచ్చేసింది, పళ్ళ దాకా. పట్టుకుని లోపలికి మింగేశాను. నా జన్మలో మొదటిసారి ఒకరికి ఎదురు చెప్పానండి, అదీ టీచరుగారికి.

"వద్దండి. కొట్టువాణ్ణే మీ ఇంటికి పిలుచుకొస్తానండి, వాడు మీ ముందే చేస్తాడండి. నా చేతికి మాత్రం ఇవ్వకండి. నీటికాకులు రాకుండా మేం చెరువుకి కడతాం గదండీ, అలాగ నేను రాకుండా మీరు ఆ క్యాసెట్టు చుట్టూ ఏదైనా కట్టుకోండి!"